తెల్లబట్ట వెనకున్న విజ్ఞానం: ఆమ్లం, బ్యాక్టీరియా, వైరస్

ద్రాక్షారామం చుట్టుపక్కల పల్లెల్లో ఆశా కార్యకర్త ఇంటికొస్తే, ఆడవాళ్లు వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పే మాట ఒకటుంది. ‘తెల్లబట్ట అవుతుందండి. ఒంట్లో ఏడి చేసినట్టుందండి.’ ఆ మాట బయటికి రాగానే చుట్టూ ఉన్నవాళ్ల సలహాలు మొదలవుతాయి. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగమంటారు ఒకరు. మందు సబ్బుతో లోపలంతా కడుక్కోమంటారు ఇంకొకరు. ‘గర్భసంచి పుచ్చిపోయింది, తీయించేసుకో, లేకపోతే క్యాన్సర్ అవుద్ది’ అని భయపెట్టేవాళ్లూ ఉంటారు.

ఆ చివరి సలహా ఎంత దూరం పోయిందో లెక్కలు చెబుతున్నాయి. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అన్ని రాష్ట్రాల్లోకీ అదే ఎక్కువ. అధిక రక్తస్రావం, గడ్డలు వంటి నిజమైన కారణాలు వీటిలో చాలా ఉన్నాయి. తెల్లబట్టకు, క్యాన్సర్ భయానికి గర్భసంచి వదులుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పటి మెదక్ జిల్లాలో ఈ ఆపరేషన్లను పరిశీలించిన వైద్య దంపతులు డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ అవసరం లేకుండా జరుగుతున్న వాటి గురించి ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే వచ్చారు.

ఈ సలహాలన్నింటిలో కనిపించనిది ఒక్కటే: అసలు లోపల ఏం జరుగుతోంది అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు గత పదిహేనేళ్లలో విజ్ఞానశాస్త్రం చాలా జవాబులు సంపాదించింది. యోనిలో ఉండే బ్యాక్టీరియా ఏం తింటాయి, ఏం తయారుచేస్తాయి, ఒక వైరస్ అక్కడికి చేరితే ఆ వంటకాలన్నీ ఎలా మారిపోతాయి అన్నది ఇప్పుడు అణువుల స్థాయిలో చెప్పగలుగుతున్నారు. ఆ జ్ఞానం ప్రయోగశాలల్లో ఆగిపోకూడదు. గుమ్మం దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్న ఆ మనిషి దాకా రావాలి.

దీని గురించి పైకి మాట్లాడటానికి సిగ్గుపడాల్సిన అవసరం మన సంప్రదాయంలోనే లేదు. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడిలో కొలువైన మాణిక్యాంబ అష్టాదశ శక్తిపీఠాల వరుసలో పన్నెండో తల్లి. ఆ వరుసలో ఆమె తర్వాత వచ్చే పేరు కామరూపానిది. సతీదేవి యోని పడిన చోటుగా భక్తులు అక్కడ కొలుస్తారు. స్త్రీ శరీరంలో ప్రతి భాగాన్నీ పూజ్యంగా నిలబెట్టుకున్న సమాజం, ఆస్పత్రిలో డాక్టరు ముందు దాని పేరెత్తడానికి తల దించుకోవలసిన పని లేదు.

ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుంది?

1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు ఆరోగ్యంగా ఉన్న మహిళల యోని స్రావంలో కడ్డీల ఆకారంలో ఉన్న బ్యాక్టీరియాను గుర్తించాడు. అవి ఆమ్లం తయారుచేస్తాయనీ, ఆ ఆమ్లం రోగకారక క్రిములను పెరగనివ్వదనీ రాశాడు. లాక్టోబాసిల్లస్ అని ఈనాడు మనం పిలిచే కుటుంబం అదే.

వీటికి తిండి పెట్టేది ఆడవారి శరీరమే. రజస్వల అయ్యాక ఈస్ట్రోజన్ హార్మోను ప్రభావంతో యోని గోడలు మందమవుతాయి, వాటి కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ చేరుతుంది. పై పొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతూ ఆ గ్లైకోజన్‌ను వదిలేస్తాయి. అమైలేజ్ అనే ఎంజైము దాన్ని చిన్న చిన్న చక్కెరలుగా విరగ్గొడుతుంది. లాక్టోబాసిల్లస్ ఆ చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే ఆరోగ్యవంతురాలి యోని పీహెచ్ సాధారణంగా 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా వస్తే ఆమ్లత్వం పదిరెట్లు మారుతుంది. నాలుగు నుంచి అయిదున్నరకు చేరిందంటే ఆమ్లబలం ముప్పయ్యో వంతుకు పడిపోయినట్టే.

ఈ ఏర్పాటు మనిషికి ప్రత్యేకమైనది. మిగతా క్షీరదాల యోనిలో లాక్టోబాసిల్లస్ వాటా నూటికి ఒకటి దగ్గర ఉంటే, మహిళల్లో చాలామందికి అది డెబ్బై శాతం దాటుతుంది. కారణం ఇదమిత్థంగా తేలలేదు గానీ, ఫలితం మాత్రం స్పష్టంగానే కనిపిస్తుంది.

లాక్టోబాసిల్లస్‌లన్నీ ఒకేలా పనిచేయవు. 2011లో అమెరికాలో జాక్ రావెల్ బృందం నాలుగు జాతి సమూహాలకు చెందిన 396 మంది మహిళల నమూనాల్లో బ్యాక్టీరియా జన్యువులను చదివి, వాటిని ఐదు తరగతులుగా విడదీసింది. నాలుగు తరగతుల్లో ఒక్కో జాతి లాక్టోబాసిల్లస్ పెత్తనం చేస్తుంది: క్రిస్పేటస్, గాసెరీ, ఇనర్స్, జెన్సెనీ. ఇంకో తరగతిలో లాక్టోబాసిల్లస్ తక్కువ, ఆక్సిజన్ లేకుండా బతికే రకరకాల బ్యాక్టీరియా ఎక్కువ. ఏ ఇబ్బందీ లేని మహిళల్లో కొందరు ఈ తరగతిలోనే ఉన్నారు. కాబట్టి ఈ మిశ్రమం కనిపించగానే రోగమని ముద్ర వేయకూడదు. రక్షణ బలం తక్కువని మాత్రం చెప్పవచ్చు.

ఆ బలంలో తేడా ఎక్కడుందో లాక్టిక్ ఆమ్లమే చూపిస్తుంది. ఈ ఆమ్లానికి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలున్నాయి: డి, ఎల్. క్రిస్పేటస్ రెండింటినీ తయారుచేస్తుంది. ఇనర్స్ ఎల్ రూపాన్ని మాత్రమే చేయగలదు. క్రిస్పేటస్ పెత్తనం ఉన్న, డి రూపం సమృద్ధిగా ఉన్న మ్యూకస్ అనే జిగురు ద్రవంలో హెచ్‌ఐవీ కణాలు కదలలేక చిక్కుబడిపోతాయని 2015లో అమెరికన్ పరిశోధకులు చూపించారు. ఇనర్స్ ఉన్నచోట ఆ పట్టు సడలిపోయింది.

సమతుల్యం చెదిరితే

లాక్టోబాసిల్లస్ తగ్గి, గార్డ్‌నెరెల్లా, ప్రివోటెల్లా, స్నీథియా వంటివి పెరిగిపోవడాన్ని వైద్యులు బ్యాక్టీరియల్ వజైనోసిస్ అంటారు. కర్ణాటకలోని మైసూరులో 2005–06లో 898 మంది యువతులను పరీక్షిస్తే దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది కనిపించింది. బూడిద రంగు పల్చటి స్రావం, చేపల వాసన దీని గుర్తులు. సగం మందికి ఏ గుర్తూ ఉండకపోవచ్చు కూడా.

ఇక్కడ లోపలి జీవక్రియ మొత్తం దారి మళ్లుతుంది. చక్కెరల నుంచి లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బదులు, ఈ బ్యాక్టీరియా అమైనో ఆమ్లాలను విరగ్గొట్టి పుట్రెసీన్, కడావరీన్ వంటి అమైన్లు తయారుచేస్తాయి, ట్రైమిథైలమీన్ అనే ఇంకో అమైన్‌ను కూడా వదులుతాయి. చేపల వాసనకు మూలం అవే. అమైన్లు క్షార గుణం కలవి కాబట్టి పీహెచ్‌ను ఇంకా పైకి నెడతాయి. లాక్టిక్ ఆమ్లం స్థానంలో అసెటేట్, ప్రొపియోనేట్, సక్సినేట్ పెరుగుతాయి. సియాలిడేజ్ అనే ఎంజైము యోని గోడను కప్పి ఉండే మ్యూకస్‌ను కోసి పల్చన చేస్తుంది. గార్డ్‌నెరెల్లా గోడకు అంటుకుని బయోఫిల్మ్ అనే జిగురు పొరను కట్టుకుంటుంది. మందు ఆ పొర లోపలికి సరిగా చేరదు. దీనికి ఇచ్చే మెట్రోనిడజోల్ వాడాక తగ్గినట్టే తగ్గి ఏడాది లోపల సగానికి పైగా మహిళల్లో మళ్లీ రావడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం భర్త శరీరంలో ఉంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు 164 జంటల మీద చేసిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. భార్యకు మాత్రమే మందులిచ్చినప్పుడు పన్నెండు వారాల్లో 63 శాతం మందిలో జబ్బు తిరగబెట్టింది. భర్తకూ మాత్రలు, పూతమందు ఇచ్చినప్పుడు అది 35 శాతానికి తగ్గింది. ‘ఆడవాళ్ల జబ్బు’ అని ఒక్కరి నెత్తిన రుద్దేసిన సమస్యకు మగవాడు కూడా మందు వేసుకోవాలన్న మాట ఇది. ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. భర్తలకు మందివ్వకుండా ఉండటం న్యాయం కాదనేంత స్పష్టంగా తేడా కనిపించింది.

చడీచప్పుడు లేని వైరస్

ఈ సూక్ష్మజీవుల లోకంలోకి వచ్చే వైరస్‌లలో మన రాష్ట్రాల మహిళలకు అన్నిటికంటే ప్రమాదకరమైనది హ్యూమన్ పాపిల్లోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. దీనిలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. సుమారు పన్నెండు, పద్నాలుగు రకాలు క్యాన్సర్‌కు దారితీయగలవు. 16వ రకాన్ని 1983లో, 18వ రకాన్ని ఆ మరుసటి ఏడాది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో గుర్తించిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

కంటికి ఆనని చిన్న గీతల గుండా ఈ వైరస్ చర్మపు అడుగు పొర కణాల్లోకి దిగుతుంది. కణాన్ని పగలగొట్టదు, రక్తంలోకి రాదు, జ్వరం తెప్పించదు, తెల్లబట్టా తెప్పించదు. రోగనిరోధక వ్యవస్థకు అంత తొందరగా అలికిడి తెలియకుండా బతుకుతుంది. పెళ్లయిన మహిళల్లో, పురుషుల్లో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. ఇందులో ఎవరి శీలం ప్రశ్నా లేదు. తగిలినవాళ్లలో పదింట తొమ్మిది మందికి రెండేళ్లలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా పాతుకుపోయిన కొద్దిమందిలో ఈ6, ఈ7 అనే రెండు వైరస్ ప్రోటీన్లు కణాల పెరుగుదలను అదుపులో పెట్టే మన సొంత ప్రోటీన్లు పీ53ని, ఆర్‌బీని పని చేయనివ్వవు. పదిహేను, ఇరవై ఏళ్లకు అది క్యాన్సర్‌గా తేలుతుంది.

ఒకే వైరస్ ఒకరిని వదిలి, ఇంకొకరిలో ఎందుకు పాతుకుపోతుంది? ఈ ప్రశ్న దగ్గరే శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ వైపు తిరిగారు.

తిండి ఆపేసే వైరస్

లాక్టోబాసిల్లస్‌కు చక్కెర ఒక్కటీ సరిపోదు. చాలా అమైనో ఆమ్లాలను అది సొంతంగా తయారుచేసుకోలేదు. మరి ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో దీనికి ఒక ఆసక్తికరమైన జవాబు ప్రచురించారు. యోని, గర్భాశయ ముఖద్వారం గోడల్లోని కణాలు క్రిములను చంపడానికి డిఫెన్సిన్లు, ఎలఫిన్, ఎస్100ఏ7 వంటి రక్షక పెప్టైడ్‌లను (చిన్న ప్రోటీన్లను) మ్యూకస్‌లోకి విడుదల చేస్తుంటాయి. ఇతర బ్యాక్టీరియాకు అవి విషం. లాక్టోబాసిల్లస్ మాత్రం తన ఎంజైములతో వాటిని ముక్కలు చేసి, ఆ ముక్కల్లోని అమైనో ఆమ్లాలను తిండిగా వాడుకుంటుంది. ఒకే పదార్థం శత్రువుకు ఆయుధంగా, మిత్రుడికి ఆహారంగా పనిచేస్తోందన్న మాట.

హెచ్‌పీవీ వచ్చాక ఏమవుతుందో అదే పరిశోధన చూపించింది. వైరస్ తాలూకు ఈ7 ప్రోటీన్ కణాల్లోపలి సంకేత మార్గాలను అణచి, ఈ రక్షక పెప్టైడ్‌ల తయారీని తగ్గించేస్తుంది. వైరస్‌కు దీనివల్ల లాభం ఉంది: తనను గమనించే రక్షణ వ్యవస్థ నిద్రలో ఉంటుంది. ఆ క్రమంలో లాక్టోబాసిల్లస్‌కు అందాల్సిన అమైనో ఆమ్లాలు తగ్గిపోతాయి, దాని పెరుగుదల మందగిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువకు నీళ్లు తగ్గించేస్తే ముందు ఎండేవి శివారు చేలే కదా. వరి ఎండిన మడిలో కలుపు లేస్తుంది. దానికి ఆ రైతు చేతకానితనం కారణం కాదు. వైరస్ కూడా లాక్టోబాసిల్లస్‌ను నేరుగా చంపదు, పైనుంచి వచ్చే తిండిని ఆపుతుంది. ఖాళీ అయిన చోట గార్డ్‌నెరెల్లా, స్నీథియా పెరుగుతాయి.

తెల్లబట్టను ‘శుభ్రత లేకపోవడం’గా చూసే అలవాటును ఈ ఒక్క పరిశోధనే ప్రశ్నిస్తోంది. బ్యాక్టీరియా మారిపోవడానికి స్నానం చాలకపోవడం కారణమని అనుకుంటూ వచ్చాం. ఒక వైరస్ కణాల లోపల కూర్చుని వాటి తిండి గతిని మార్చేసి ఉండవచ్చని ఇప్పుడు తెలుస్తోంది. సబ్బు ఎంత రుద్దినా కణం లోపలి వైరస్‌కు తగలదు. మిగిలి ఉన్న లాక్టోబాసిల్లస్‌ను మాత్రం కడిగేస్తుంది.

రెండు వైపులా తిరిగే చక్రం

దీనికి రెండో సగం ఉంది. లాక్టోబాసిల్లస్ తగ్గడం వైరస్ పాతుకుపోవడానికి తోడ్పడుతుంది. అమెరికాలో రెబెకా బ్రాట్‌మన్ బృందం 32 మంది మహిళల నుంచి వారానికి రెండుసార్లు, పదహారు వారాల పాటు నమూనాలు తీసుకుని 2014లో ఫలితాలు ప్రచురించింది. లాక్టోబాసిల్లస్ గాసెరీ పెత్తనం ఉన్నవారిలో హెచ్‌పీవీ తొందరగా కనుమరుగైంది. లాక్టోబాసిల్లస్ బాగా తక్కువగా ఉన్న తరగతిలో నెమ్మదిగా పోయింది. చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో, క్రిస్పేటస్ ఉన్నవారితో పోలిస్తే ఇనర్స్ ఉన్నవారిలో, లాక్టోబాసిల్లస్ లేనివారిలో ప్రమాదకర హెచ్‌పీవీ ఉండే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది.

జీవక్రియ పదార్థాలను కొలిచిన పరిశోధనలూ ఇటే చూపుతున్నాయి. అమెరికాలోని ఆరిజోనాలో మెలిస్సా హెర్బ్‌స్ట్-క్రలోవెట్జ్ బృందం 2019లో వైరస్ లేనివారి నుంచి క్యాన్సర్ వచ్చినవారి దాకా స్రావాల్లోని వందలాది అణువులను పోల్చింది. క్యాన్సర్ దశలో కొవ్వుల జీవక్రియ బాగా మారిపోయింది. వైరస్ ఉండి లాక్టోబాసిల్లస్ తగ్గినవారిలో అమైనో ఆమ్లాల తీరు మారింది. మరో అధ్యయనంలో హెచ్‌పీవీ ఉన్నవారికీ లేనివారికీ మధ్య అమైన్లలో, ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కణాలను కాపాడే గ్లూటాథయోన్‌కు సంబంధించిన అణువుల్లో తేడాలు కనిపించాయి. లాక్టిక్ ఆమ్లం తగ్గి, వాపు పెంచే సంకేతాలు నెలల తరబడి కొనసాగితే కణాల డీఎన్‌ఏ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. పల్చబడిన మ్యూకస్ వైరస్‌కు కొత్త దారులు తెరుస్తుంది.

ఈ అధ్యయనాలు చాలావరకు చిన్నవి. ఒకే సమయంలో తీసిన చిత్రం వంటివి కావడంతో ముందు ఏది మారింది, తర్వాత ఏది మారింది అన్నది అన్నిచోట్లా తేల్చి చెప్పలేవు. ఇందువల్లే బ్యాక్టీరియా క్యాన్సర్ తెస్తుందని అనడం సరికాదు. క్యాన్సర్‌కు మూలం వైరస్. ఆ వైరస్ నిలవాలా పోవాలా అన్నది నిర్ణయించడంలో బ్యాక్టీరియాకు, వాటి రసాయనాలకు పాత్ర ఉంది.

మందును తినేసే బ్యాక్టీరియా

హెచ్‌పీవీ ఒక్కటే కాదు. జననాంగాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ రెండో రకానికీ, వజైనోసిస్‌కూ మధ్య కూడా ఇలాంటి రెండువైపుల సంబంధం ఉంది. హెచ్‌ఐవీ సంగతి మన జిల్లాలకు మరీ ముఖ్యం. దేశంలో హెచ్‌ఐవీ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తీర జిల్లాలు ఆ బరువును దగ్గర నుంచి చూశాయి. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో యువతులను అనుసరించి 2017లో వెలువడిన అధ్యయనంలో, లాక్టోబాసిల్లస్ తగ్గి రకరకాల బ్యాక్టీరియా నిండినవారికి హెచ్‌ఐవీ సోకే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది.

అదే ఏడాది అక్కడి నుంచే వచ్చిన మరో ఫలితం వైద్యులను ఆశ్చర్యపరిచింది. హెచ్‌ఐవీ సోకకుండా టెనోఫోవిర్ జెల్‌ను యోనిలో వాడిన మహిళల్లో, లాక్టోబాసిల్లస్ పెత్తనం ఉన్నవారికి ఆ జెల్ 61 శాతం రక్షణ ఇచ్చింది. గార్డ్‌నెరెల్లా వంటివి ఎక్కువగా ఉన్నవారికి 18 శాతమే. కారణం వెతికితే, ఆ బ్యాక్టీరియా టెనోఫోవిర్‌ను తమ లోపలికి తీసుకుని విరగ్గొట్టేస్తున్నాయి. కణాలకు చేరకముందే మందు ఖర్చైపోతోంది. ఒక మందు ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయదో వెతికేటప్పుడు ఆ మనిషిలోని సూక్ష్మజీవుల జీవక్రియను కూడా చూడాలని ఈ పరిశోధన నేర్పింది.

తెలుగు నేల మీద

ఇవన్నీ ఎక్కడో దూరదేశాల సంగతులని అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి వైద్యులు, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు కలిసి 2005లో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో హెచ్‌పీవీ రకాల మీద ఒక పత్రం ప్రచురించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నమూనాల్లో వైరస్ దొరికినవాటిని చూస్తే మూడింట రెండు వంతుల్లో 16వ రకం, దాదాపు ఐదో వంతులో 18వ రకం ఉన్నాయి. మామూలు మహిళల్లో పది శాతం మందిలో ప్రమాదకర రకాలు కనిపించాయి. హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్ మండలంలో రెండు వేలకు పైగా మహిళలతో, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ పరీక్ష, వెనిగర్ లాంటి అసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే వీఐఏ పరీక్ష, హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షలను పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆ పనిలో ముందున్న ప్యాటీ గ్రావిట్ పేరే, పైన చెప్పిన 2014 నాటి అమెరికా సూక్ష్మజీవుల పరిశోధనలోనూ కనిపిస్తుంది. మేడ్చల్‌లోనూ, అమెరికా ప్రయోగశాలల్లోనూ పరిశోధకులు వెంటపడింది ఒకే వైరస్‌ను.

అదే రోజుల్లో ఖమ్మం జిల్లాలో ఒక బాధాకరమైన అధ్యాయం నడిచింది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టాయి. వాళ్లలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. అయితే సమ్మతి తీసుకున్న తీరును, పిల్లల ఆరోగ్యాన్ని గమనించిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. ఆ పిల్లలకు దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది నిజం. టీకా మంచిదన్నదీ నిజం. ఒకదాన్ని చెప్పడానికి రెండోదాన్ని దాచనక్కర్లేదు.

ఖమ్మం ఘటన ప్రభావం మరో ప్రయోగం మీద పడింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌తో పాటు దేశంలోని పలు కేంద్రాల్లో రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చే ప్రయోగం మొదలుపెట్టింది. 2010 ఏప్రిల్‌లో అన్ని హెచ్‌పీవీ టీకా ప్రయోగాలనూ ఆపమనడంతో దాదాపు ఐదు వేల మంది బాలికలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు అనుసరించారు. 16, 18 రకాల వైరస్ శరీరంలో పాతుకుపోకుండా ఆ ఒక్క డోసు 95 శాతం దాకా కాపాడిందని 2021లో తేలింది. రెండు, మూడు డోసులు తీసుకున్నవారి రక్షణ కూడా అంతే. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసును ఆమోదించడానికి ఆధారమైన సాక్ష్యాల్లో మన దేశపు ఆడపిల్లల నుంచి వచ్చిన ఈ సాక్ష్యం ముఖ్యమైనది. పేద దేశాల్లో కోట్ల మంది పిల్లలకు టీకా అందుబాటులోకి రావడంలో వాళ్లకు వాటా ఉంది.

ఇంట్లో, ఆస్పత్రిలో

2022లో భారతదేశంలో కొత్తగా 1,27,526 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిందనీ, 79,906 మంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. పదిహేనేళ్లు ముందుగా గుర్తించగలిగే జబ్బుకు ఇన్ని ప్రాణాలు పోవడం సహించరానిది. 2019–21 నాటి జాతీయ సర్వేలో 30–49 ఏళ్ల ఆంధ్రా మహిళల్లో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు అయిదు శాతం కూడా లేరు. పరీక్ష చేయించుకున్నవాళ్ల కంటే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనది. ఈ లెక్క తలకిందులు కావాలి.

మొదట తెల్లబట్ట సంగతి. నెలసరి మధ్య రోజుల్లో, గర్భం మోస్తున్నప్పుడు తెల్లగా, వాసన లేకుండా వచ్చే స్రావం సహజం. పైన చెప్పిన గ్లైకోజన్, లాక్టోబాసిల్లస్, రాలిన కణాలు కలిసినదే అది. దానికి వేడి చేయడంతో సంబంధం లేదు. చేపల వాసన, పచ్చని రంగు, పెరుగు ముక్కల్లా గట్టిగా రావడం, దురద, మంట, కలయిక తర్వాత రక్తం కనపడటం, ముట్లుడిగాక మళ్లీ రక్తం రావడం: వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కు చూపించుకోవాలి. ఒక్కోదానికి మందు వేరు. గార్డ్‌నెరెల్లాకు పనిచేసే మందు ఫంగస్‌కు పనిచేయదు. కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోళీలతో సరిపెట్టుకోవద్దు.

లోపల సబ్బు, యాంటీసెప్టిక్ ద్రావణాలు, పిచికారీలు వాడకూడదు. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. లోపల పెరుగు రాసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. పెరుగులోని బ్యాక్టీరియా రకాలు వేరు, అవి అక్కడ నిలవవు. నెలసరి గుడ్డలు వాడేవాళ్లు వాటిని ఉతికి, చాటున కాకుండా ఎండలో ఆరేయాలి. ఒడిశాలో జరిగి 2015లో ప్రచురితమైన అధ్యయనంలో, శానిటరీ ప్యాడ్లు వాడేవారితో పోలిస్తే మళ్లీ మళ్లీ గుడ్డలు వాడేవారిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. వజైనోసిస్ మళ్లీ మళ్లీ వస్తుంటే భర్తను కూడా డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాలి.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మహిళా ఏ బాధా లేకపోయినా హెచ్‌పీవీ పరీక్షో, వీఐఏ పరీక్షో చేయించుకోవాలి. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మంది మహిళలతో జరిగిన అధ్యయనం 2009లో చూపించిన మాట ఇది: జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి చికిత్స చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గుతాయి. నమూనాను మహిళ తానే తీసి ఇవ్వగల విధానం కూడా ఉంది. పరీక్ష గదికి సిగ్గుపడేవారికి అది పెద్ద అండ. ద్రాక్షారామానికి రామచంద్రపురం ప్రభుత్వాస్పత్రి దగ్గరే. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పై స్థాయి చికిత్సకు విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 9–14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించాలి. 2023లో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ మన దేశంలోనే తయారైన సెర్వావాక్‌ను తీసుకొచ్చింది. తల్లిదండ్రులకు ముందుగా అంతా విడమరిచి చెప్పి, వాళ్ల సమ్మతితో వేయడం ఖమ్మం మనకు నేర్పిన పాఠం.

ఇక గర్భసంచి సంగతి. ఇప్పటిదాకా చెప్పుకున్న సైన్సంతా ఇక్కడ కలుస్తుంది. ముప్పయ్యేళ్ల మహిళకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఆగిపోతుంది. ఈస్ట్రోజన్ ఆగితే యోని గోడలు పల్చబడతాయి, గ్లైకోజన్ తగ్గుతుంది, లాక్టోబాసిల్లస్‌కు తిండి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. తెల్లబట్ట పోగొట్టుకోవాలని చేయించుకున్న ఆపరేషన్ ఆ మనిషిని కాపాడుతున్న సూక్ష్మజీవులనే వెళ్లగొడుతుంది. ఎముకలకు, గుండెకు జరిగే నష్టం దీనికి అదనం.

అందుకే ఎవరైనా ‘తీయించేసుకో’ అన్నప్పుడు ఆ మహిళగానీ, పక్కనున్న అమ్మగానీ, భర్తగానీ, ఆశా కార్యకర్తగానీ మూడు ప్రశ్నలు గట్టిగా అడగాలి. గర్భాశయ ముఖద్వారాన్ని కళ్లారా చూశారా? హెచ్‌పీవీ పరీక్ష చేశారా? మందులతో ఎందుకు తగ్గదో చెప్పగలరా? జవాబు లేకపోతే ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. ఇంకో డాక్టర్‌కు చూపించుకోవడం ఆమె హక్కు.